నా కళ్లజోడు ఇంట్లో ఉన్న సాయంత్రాలు

కళ్లు నొప్పి పెడుతున్నాయని ఒప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది. టెక్కలిలో పగలంతా బడిలో పాఠాలు, మిగిలిన పొద్దంతా రాత. మా సంస్కరణ సమాజం వాళ్ల మాసపత్రికకు నెలకు రెండు మూడు వ్యాసాలు రాసేవాణ్ని. తాయెత్తులు, జాతరల్లో బలులు, బోగం మేళాలు, విధవల గుండు గీయించడం, ఏది కంటపడితే దాని మీద విరుచుకుపడేవాణ్ని. పత్రిక అచ్చుకు వెళ్లే ముందు ప్రూఫులు దిద్దే పని కూడా నాదే. నాలుగు పేజీలు దాటేసరికి కనుబొమల వెనక ఎవరో సుత్తితో కొడుతున్నట్టుండేది. అక్షరాలు రెండుగా విడిపోయి మళ్లీ అతుక్కునేవి.

మా అప్ప మధ్యాహ్నం పూట నందివర్ధనం పూలు నీళ్లలో తడిపి తెచ్చేది. కళ్ల మీద పెట్టుకుంటే చలవ చేస్తుందని ఆమె నమ్మకం. పువ్వుకూ కంటి నరానికీ సంబంధం ఏమిటో చెప్పమని నేను అడిగేవాణ్ని. చెప్పేది కాదు. నా ఉపన్యాసం అయ్యేదాకా నిలబడి, తర్వాత ఆ పూలు తీసుకెళ్లి వంటింట్లో చాప మీద పడుకుని తన కళ్ల మీదే పెట్టుకునేది. నేను వద్దన్నవి పారెయ్యలేక పెట్టుకుంటోందనుకున్నాను. తన కళ్లకేమైందని అడగలేదు. ఇది రాస్తున్నది ఆ అడగని మాట కోసమే.

మా ప్రాంతంలో అక్కను అప్ప అంటాం. నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. మాది ఉద్దానంలో, మందసకు దిగువన కొబ్బరితోటల మధ్య పల్లె. పదహారో ఏట ఆమె భర్త పోయాడు. పుట్టింటికి వచ్చి తోటపని చేసుకుంటూ ఉండిపోయింది. నా భార్య తొలి కాన్పులో పోయాక నా ఇల్లు చూడ్డానికి టెక్కలి వచ్చింది. ఆడవాళ్లు చదవాలని వేదికల మీద గొంతు చించుకునేవాణ్ని కాబట్టి ముందు నా ఇంట్లో చేసి చూపాలని పంతం పట్టాను. ముప్పై దాటిన మనిషి పలక పట్టుకోవడానికి సిగ్గుపడింది. చేటలో నూక పరిచి వేలితో దిద్దుకుంది. వంట అయ్యేలోగా గుణింతాలు, గిన్నెలు తోమేలోగా ఒత్తులు. రెండేళ్లు తిరిగేసరికి నా వ్యాసాలకు మొదటి పాఠకురాలు ఆమే.

మొదటి పాఠకురాలంటే పొగిడే మనిషి అనుకోవద్దు. నేను గ్రాంథికంలో బారెడు వాక్యం రాస్తే, దాని మీద వేలు పెట్టి, ఈ మాట అర్థం ఏమిటో చెప్పడానికి నువ్వు ఇంటింటికీ వెళ్తావా అని అడిగేది. నేను అలిగేవాణ్ని. మర్నాడు ఆ మాట కొట్టేసేవాణ్ని. నా రాత సూటిగా ఉంటుందని అప్పట్లో మెచ్చుకున్న వాళ్లందరూ, తెలియక, ఆమెనే మెచ్చుకున్నారు.

చివరికి నొప్పి భరించలేక బరంపురం వెళ్లాను. చిన్న రైల్లో నౌపడా, అక్కణ్నుంచి పెద్ద రైలు. డాక్టరు ఒక పూట నన్ను కూర్చోబెట్టి అద్దాలు మార్చి మార్చి అక్షరాలు చదివించాడు. దగ్గర చూపుకు కళ్లజోడు కావాలన్నాడు. రెండు వారాలకు అది టపాలో వచ్చింది. దాంతోపాటు ఆయన పెట్టిన షరతు ఒకటి. కళ్లజోడు అక్షరాలకు మాత్రమే. రోజూ సాయంత్రం ఒక గంట ఆరుబయట నడవాలి, దూరంగా ఉన్నవాటిని చూడాలి, ఆ గంట పుస్తకం గానీ కళ్లజోడు గానీ దగ్గర ఉండకూడదు.

ఒంటరిగా నడవడం నాకు చేతకాదు. వాదించడానికి పక్కన మనిషి ఉండాలి. ఆసుపత్రి కాంపౌండరు, ఉప్పు కచేరీ గుమస్తా, మా బడిలో మరో ఇద్దరు ఉపాధ్యాయులు కలిశారు. ఐదుగురం బడి వదిలాక బయల్దేరి బజారు వీధి, తాలూకా కచేరీ దాటి చిన్న రైలు స్టేషను దాకా వెళ్లి, పట్టాల పక్క బాట మీద మైలు దూరం నడిచి తిరిగి వచ్చేవాళ్లం. మొదటి వారం ఊరికి మేము అర్థం కాలేదు. పనీపాటా లేకుండా ఐదుగురు మగవాళ్లు గుంపుగా, చేతిలో ఏమీ లేకుండా, మెల్లగా ఒకే వైపు నడవడం వాళ్లు శవం వెంట తప్ప చూడలేదు. బెల్లం కొట్టు ముసలాయన రెండు రోజులు ఓర్చుకుని మూడో రోజు లేచి నిలబడి, తలగుడ్డ తీసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవులింట్లోనండి మాస్టారూ?"

గుమస్తా నవ్వాపుకోలేక, ఇంకా ఎవరూ పోలేదనీ, పోకుండా ఉండడానికే నడుస్తున్నామనీ చెప్పాడు. ముసలాయన నమ్మినట్టు లేదు. ఆ తర్వాత కూడా చాలాకాలం మేము వెళ్తుంటే లేచి నిలబడేవాడు.

నిజం చెప్పాలంటే నా జీవితంలో అంత బాగున్న రోజులు తక్కువ. తలనొప్పి పోయింది. కాళ్లకు బలం వచ్చింది. ఇంటికి చేరేసరికి అప్ప అరుగు మీద చెంబుతో నీళ్లు పెట్టి, మాటల కోసం సిద్ధంగా ఉండేది. మేము కాళ్లు కడుక్కుంటుంటేనే మొదలుపెట్టేది. పత్రికలో ఫలానా ఆయన విధవా వివాహాల గురించి రాశాడు గదా, ఆయన ఇంట్లో చెల్లెలు ఉందా, ఉంటే ఆమెను అడిగే రాశాడా అనేది. కాంపౌండరు ఆమె పక్షం చేరేవాడు. గుమస్తా కావాలని ఎదురు పక్షం చేరేవాడు. ఆమె చదువు ఇంత పదునెక్కడం నా బోధన ఫలితమని నేను లోపల పొంగిపోయేవాణ్ని. నా కళ్లజోడు ఆ గంటసేపూ రేకు డబ్బీలో, నా రాతబల్ల మీద, ఇంట్లోనే ఉండేదన్న సంగతికీ దీనికీ ఏమైనా పొత్తు ఉందేమోనని నాకు తట్టలేదు.

అప్పటికి ఐరోపాలో యుద్ధం మొదలైంది. మద్రాసు పత్రిక సాయంత్రం బండిలో వచ్చేది. స్టేషనులో దిగగానే దాన్ని విప్పేవాళ్లం. కాంపౌండరుకు ఇంగ్లీషు చదవడం అంతంతమాత్రం. గుమస్తా చదివితే తన సొంత సంగతులు కలిపేవాడు. నన్ను చదవమన్నారు. అద్దాలు లేక పేపరును చేతులు చాచి దూరంగా పట్టుకుని తంటాలు పడ్డాను. మర్నాటి నుంచి డాక్టరు షరతు పక్కన పెట్టి డబ్బీని చొక్కా జేబులో వేసుకుని వెళ్లడం మొదలుపెట్టాను. స్టేషను కూలీలు, బండివాళ్లు, ఉప్పు బస్తాల మీద కూర్చున్న జనం చుట్టూ మూగేవారు. ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పేవాణ్ని. సభలో మాట్లాడుతున్నంత హుషారుగా ఉండేది నాకు.

అలా డబ్బీ తీసుకెళ్లిన మొదటి వారంలోనే ఒక రోజు, చెప్పులు వేసుకుంటుంటే, అప్ప గుమ్మంలోకి వచ్చింది. "అద్దాలు ఇంట్లో ఎట్టీసి ఎల్లరాదేటి? డాకటేరు సెప్పినాడు గదా" అంది. నేను నవ్వి, ఇప్పుడు నీకు డాక్టరు మీద ఇంత గురి ఎక్కణ్నుంచి వచ్చింది, నందివర్ధనం పూలు ఏమయ్యాయి అన్నాను.

ఆ తర్వాత అరుగు మీద నీళ్ల చెంబు ఉండేది, మనిషి ఉండేది కాదు. మా వీధి చివర ఒక పెద్ద ఇంటి పంచలో సాయంత్రాలు పురాణం చెప్పేవారు. ఊరి ఆడవాళ్లు చాపలు వేసుకుని వినేవాళ్లు. మా అప్ప వెళ్లి వాళ్లలో కూర్చోవడం మొదలుపెట్టింది. మొదట నమ్మలేదు. తర్వాత చూశాను. మా నడక గుంపు ఆ ఇంటి ముందునుంచే వెళ్లాలి. స్తంభానికి ఆనుకుని, ముసుగు సవరించుకుని, నోరు కొంచెం తెరిచి వింటోంది. గుమస్తా నా వైపు చూసి దగ్గాడు. ఆ దగ్గు నన్ను బాగా కోసింది. పురాణాల మీద ఆ నెలలోనే పన్నెండు పేజీలు రాసినవాణ్ని.

ఇంటికి రాగానే అడిగాను. వినడానికి బాగుంటుంది అని మాత్రం చెప్పింది. బల్ల మీద నీ పత్రికలు నాలుగు నెలలవి పడి ఉన్నాయి, ఎందుకు చదవడం లేదు అన్నాను. పని ఉందంది. నా రాతప్రతి ఆమె ముందు పెడితే, తర్వాత అని పక్కన పెట్టింది. ఆ 'తర్వాత' ఎన్నడూ రాలేదు. నాలో కోపం పోగవుతూ వచ్చింది. ఇన్నేళ్లు నేర్పిన విద్య ఒక పురాణం పంతులు గొంతుకు ఓడిపోయిందని నేను తేల్చుకున్నాను. మూఢత్వం మళ్లీ తలెత్తడానికి కారణాలు వెతికాను, దొరికాయి. వెతికితే అలాంటివి ఎప్పుడూ దొరుకుతాయి. ఆమెకు నలభై నాలుగేళ్లన్న సంగతి మాత్రం వాటిలో లేదు.

ఒక రోజు నడక ముగించి ఐదుగురం అరుగు మీద కూర్చున్నాం. ఇంకా వెలుతురు ఉంది. ఆమె మజ్జిగ తెచ్చింది. నేను పత్రిక తీసి ఆమె చేతిలో పెట్టి, మొదటి పేరా చదవమన్నాను. నలుగురు పరాయి మగవాళ్ల ముందు. ఆమె నా వైపు చూసింది. పత్రికను కొంచెం దూరం జరిపింది, ఇంకొంచెం జరిపింది. చెయ్యి ఇక సాగదు. కాంపౌండరు పోనిద్దురూ మాస్టారూ అన్నాడు. నేను పోనివ్వలేదు.

"మర్సిపోనాను" అంది ఆమె. పత్రిక మడిచి నా పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఆమె అక్షరాలు మరిచిపోయిందని నేను నమ్మాను. నేను అంత తెలివితక్కువవాణ్నా అని ఇప్పుడు అడుగుతాను. కాదు. ఆ మాట నా వాదానికి సరిగ్గా సరిపోయింది, అందుకే నమ్మాను. ఆ వారమే వ్యాసం రాశాను. స్త్రీలకు అక్షరాలు నేర్పి ఊరుకుంటే చాలదు, మనసు మారకపోతే నేర్చినవి కూడా రాలిపోతాయి అని దాని సారాంశం. దృష్టాంతం కావాలి గదా. "నా ఇంటనే, నా స్వహస్తములతో విద్య గరపిన ఒక విధవ" అని రాశాను. పేరు లేదు. టెక్కలిలో ఆ వాక్యానికి పేరు అక్కర్లేదు. అలాంటి గ్రాంథికపు మాట ఆమె చూసి ఉంటే కొట్టించేది. ఆమె చూడకుండా అచ్చయిన మొదటి వ్యాసం అది.

రెండు నెలల తర్వాత, ఒక ఆదివారం, భావనపాడు సముద్రం దాకా నడక పెట్టుకున్నాం. ఆడవాళ్లు కూడా రావాలని పట్టుబట్టింది నేనే. మగవాళ్లు నడిస్తే ఆరోగ్యం, ఆడవాళ్లు నడిస్తే అప్రతిష్ఠ అనే న్యాయం ఎక్కడిదని అందరినీ నిలదీశాను. కాంపౌండరు భార్య, ఒక ఉపాధ్యాయుడి తల్లి వచ్చారు. అప్ప కూడా వచ్చింది. సగం దూరం బళ్ల మీద, మిగతా సగం ఇసుకలో నడిచి పొద్దెక్కే వేళకు ఒడ్డు చేరాం. తెప్పలు తిరిగి వస్తున్నాయి. మాకు నీళ్ల మీద నల్లటి చుక్కలు తప్ప ఏమీ తెలియడం లేదు. అప్ప చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, మూడోదాని మీద ఇద్దరే ఉన్నారు, ఒకడు కూర్చుని ఉన్నాడు, తెరచాపకు ఎర్రగుడ్డ మాసిక ఉంది అంది. చిన్నప్పుడు మా తోట చివరనుంచి సముద్రాన్ని చూసి పెరిగిన కళ్లు. గుమస్తా, పురాణం వింటే దివ్యదృష్టి కూడా వస్తుందన్నమాట అన్నాడు. తెప్పలు దగ్గరికి వచ్చాక చూస్తే మూడోదాని మీద ఇద్దరే. ఒకడి కాలికి దెబ్బ తగిలి కూర్చున్నాడు. మాసిక ఎర్రదే.

అందరూ నవ్వారు. కాంపౌండరు నవ్వలేదు. ఆమె దగ్గరికి వెళ్లి వయసెంత అని అడిగాడు. సూదిలో దారం ఎవరు ఎక్కిస్తున్నారని అడిగాడు. పక్కింటి కోడలు అంది. బియ్యంలో రాళ్లు కనబడుతున్నాయా అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అప్పుడు నా వైపు తిరిగాడు.

"ఈవిడికి సత్వారం మాస్టారూ. నలభై దాటినోళ్లకి ఎవులికైనా వచ్చీదే. మీ జోడు ఒకపాలి ఇలాగియ్యండి."

జేబులోంచి డబ్బీ తీసి ఇచ్చాను. ఆ కళ్లజోడు కుడికాడ మర వదులు. ముందు దాన్ని చెవికి తగిలించి, వేలితో నొక్కి పట్టి, తర్వాత రెండోది తగిలించాలి. లేకపోతే జారి ముక్కు మీదనుంచి పడిపోతుంది. నాకు ఆ విద్య అలవాటు కావడానికి పది రోజులు పట్టింది. అప్ప డబ్బీ మూత తెరిచింది. చీర చెంగుతో అద్దాలు తుడిచింది. కుడికాడ చెవికి తగిలించి, వేలితో నొక్కి పట్టి, ఎడమది తగిలించింది. ఒక్కసారి కూడా తడబడలేదు.

కాంపౌండరు భార్య అటుకులు చుట్టి తెచ్చిన పాత పత్రిక ముక్క ఉంది. దాన్ని అందుకుని ఆమె చదివింది. ఏదో తలనూనె ప్రకటన. ఎక్కడా ఆగకుండా, కామాల దగ్గర ఊపిరి తీసుకుంటూ చదివింది. వాళ్లందరూ సంతోషించారు. గుమస్తా చప్పట్లు కొట్టాడు. నేను ఆమె చెవి దగ్గర నొక్కి పట్టిన ఆ వేలినే చూస్తూ ఉండిపోయాను.

తిరుగు దారిలో మేమిద్దరం వెనకబడ్డాం. ఎప్పటినుంచి అని అడిగాను. నేను నడకకు వెళ్లగానే తను నా జోడు పెట్టుకుని బల్ల దగ్గర కూర్చునేదట. మా గుంపు మాటలు వీధి మలుపులో వినబడగానే డబ్బీలో పెట్టేసేదట. ఆరు నెలలు అలా సాగింది. నేను డబ్బీ స్టేషనుకు మోసుకెళ్లిన రోజు నుంచి ఇక లేదు. మరి నోరు తెరిచి చెప్పలేదేం అన్నాను. తాలూకా కచేరీ డిప్టీ గారి భార్య కళ్లజోడు పెట్టుకుని పేరంటానికి వెళ్లిందని విని, నేను అరుగు మీద అందరి మధ్యా ఆమెను సోకులాడి అని వెక్కిరించిన సంగతి గుర్తు చేసింది. నాకు గుర్తు లేదు. సుమంగళి పెట్టుకుంటేనే నువ్వలాగన్నావు, మొగుడు లేని దాన్ని నేనెలా అడుగుతాను అంది. కోపంగా అనలేదు.

నేను మొండిగా మళ్లీ అన్నాను: ఆ రోజు అరుగు మీదైనా కళ్లు కనబడ్డం లేదని ఒక్క మాట అనవలసింది. మరిచిపోయానని అబద్ధం చెప్పడం దేనికి.

"అంతమంది మొగోళ్ల ముందు కళ్లు పోనాయని సెప్పుకోనా? తరవాతైనా నువ్వు అడిగినావేటి? రాసీసినావు గదా."

వ్యాసం సంగతి ఆమెకు ఎలా తెలుసు? తన కళ్లతో చదవలేదు. మరి ఎవరు చదివారు? అదీ ఆ దారిలోనే చెప్పింది. పురాణం పంతులు ఒక సాయంత్రం పుస్తకం మూసి, మన మాస్టారు మన గురించి ఏం రాశాడో వినండి అని నా వ్యాసం మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాడట. చాపల మీద ముప్పై మంది ఆడవాళ్లు. "నా ఇంటనే" అన్న చోట ఆయన ఆగాడట. ఎవరూ ఆమె వైపు తిరిగి చూడలేదట. అది వాళ్ల మర్యాద. నేను నా జన్మంతా మూఢులని తిట్టిన మనుషులు వాళ్లు.

ఆ నెలలోనే ఆమెను బరంపురం తీసుకెళ్లాను. డాక్టరు ఆమె వయసు విని, అద్దాలు రెండు మూడు మార్చి, చిన్న చీటీ రాసి పంపేశాడు. పావుగంట పని అది. జోడు వచ్చింది. దాని కాడలు రెండూ గట్టివే. ఆమె మళ్లీ చదివింది, పూర్వం కంటే ఎక్కువ చదివింది. నేను ఇంకా తెరవని పుస్తకాలు తీస్తే వాటి మధ్య తాటాకు ముక్క గుర్తుగా కనిపించేది. పురాణం వినడం కూడా మానలేదు. దాని మీద నేను మళ్లీ మాట్లాడలేదు.

నడక గుంపు సాగింది. యుద్ధం అయ్యాక కూడా చాలా ఏళ్లు నడిచాం. కళ్లజోడు ఇంట్లో పెట్టి వెళ్లేవాణ్ని, ఎవరికీ దానితో పని లేకపోయినా. కళ్లు బాగున్నాయి, కాళ్లు బాగున్నాయి. పత్రికకు దిద్దుబాటు రాయాలని నాలుగైదు సార్లు కూర్చున్నాను. ఆ విధవ అక్షరాలు మరవలేదు, ఆమెకు చత్వారం వచ్చింది, నేను కనుక్కోలేదు అని మూడు ముక్కలు. సమాజానికి చెడ్డపేరు వస్తుందనీ, ఎదుటి పక్షం చేతికి ఆయుధం ఇచ్చినట్టు అవుతుందనీ నాకు నేనే వాదం చెప్పుకున్నాను. వాదంలో గెలిచాను. దిద్దుబాటు రాయలేదు.

మా వైపు పెద్దవాళ్లు ఎదురైతే చిన్నవాళ్లు కళ్లజోడు తీసేసే మర్యాద ఉండేది, చెప్పులు విడిచినట్టు. అది బానిసత్వమని నేను రాసి ఉన్నాను. నేను ఇంట్లోకి అడుగుపెట్టగానే అప్ప తన కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకునేది. ఆమె నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. వద్దని ఎన్నోసార్లు చెప్పాను. అలవాటైపోయిందనేది. నేను బయటికి వెళ్లేదాకా ఆ పుస్తకం పేజీ తిరిగేది కాదు. అందుకని పని లేకపోయినా బయటికి వెళ్లేవాణ్ని.

రాతప్రతులు పూర్వంలాగే బల్ల మీద ఆమెకు కనబడేలా వదిలేవాణ్ని. గాలికి ఎగరకుండా వాటి మీద రాయి పెట్టి వెళ్లేది. ఒకసారి ఉండబట్టలేక, కొత్త వ్యాసం ఆమె చేతికే ఇచ్చి, ఏ మాట తియ్యాలో చెప్పమన్నాను. ఆమె దాన్ని చదవకుండానే అంచులు సరిచేసి తిరిగి ఇచ్చింది.

"అచ్చయినాక సదూతాన్లే" అంది.

అలాగే చేసింది. పోయేదాకా నేను రాసింది ప్రతిదీ అచ్చయ్యాకే చదివింది. చదివి ఏమీ అనలేదు.